మైయర్ అనే జర్మన్ ఇంటిపేరు: ఇన్ని స్పెల్లింగులున్నా మూలం ఒకటేనా?

మ్యూనిక్‌లో మీ టీమ్‌లో నలుగురు మైయర్లు ఉన్నారు. నలుగురూ నాలుగు రకాలుగా రాసుకుంటారు, పిలిస్తే మాత్రం నలుగురూ పలుకుతారు. వీళ్ళంతా ఒకే వంశమా? ఈ పేరుకీ మన ఊళ్ళ మేయర్‌కీ సంబంధం ఉందా? యూదుల పేరని ఎవరో అన్నారు, నిజమా? మీరడిగింది ఇదీ.

ముందు సూటిగా చెప్పేస్తాను. వాళ్ళు బంధువులు కాకపోవడానికే ఎక్కువ అవకాశం. హైదరాబాద్ మేయర్ అన్నప్పటి ఆ మాటా, ఈ ఇంటిపేరూ ఒకే లాటిన్ వేరు నుంచి వచ్చాయి, కాబట్టి మీ అనుమానం కరెక్టే. యూదుల సంగతి కొన్ని కుటుంబాల విషయంలో నిజం, ఎక్కువ కుటుంబాల విషయంలో కాదు. పేరు చూసి మాత్రం తేల్చలేం.

ఇక వివరంగా. నేను జర్మనీలో అనువాదకురాలిని. పాత దస్తావేజులు, చర్చి బాప్తిస్మం రిజిస్టర్లు చదివి పెట్టడం పదిహేనేళ్ళుగా నా పనిలో భాగం. ఈ పదిహేనేళ్ళలో నా బల్ల మీదికి ఎక్కువసార్లు వచ్చిన ఇంటిపేరు ఇదే. నన్ను ఎక్కువసార్లు బోల్తా కొట్టించిందీ ఇదే.

మనం తెలుగువాళ్ళం ముందుగా ఒక అలవాటు పక్కన పెట్టాలి. ఇద్దరి ఇంటిపేరు కలిస్తే మనవాళ్ళు వెంటనే ‘ఏ ఊరు, ఏ గోత్రం’ అని ఆరా తీస్తారు. గోత్రం కూడా కలిస్తే అన్నదమ్ముల వరసే, పెళ్ళి మాట ఉండదు. జర్మనీలో ఇద్దరు మైయర్లు పెళ్ళి చేసుకుంటే పెళ్ళికూతురు పేరు మార్చే కాగితాల పని తప్పుతుంది, అంతే. అక్కడ ఎక్కువమంది మోసే ఇంటిపేర్లు వృత్తిపేర్లు. మొదటి అయిదూ చూడండి: ముల్లర్ అంటే పిండిమర వాడు, ష్మిట్ కమ్మరి, ష్నైడర్ దర్జీ, ఫిషర్ జాలరి, వేబర్ నేతగాడు. ప్రతి ఊళ్ళోనూ ఒక కమ్మరి ఉంటాడు కదా, ఆ కమ్మరులందరూ ఒకే తాత మనవలు కాలేరు. మైయర్ కూడా అంతే. వందల ఊళ్ళలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, విడివిడిగా పుట్టిన పేరు.

ఇంతకీ మైయర్ అంటే ఎవరు? లాటిన్‌లో ‘మయోర్’ అంటే ‘ఇంకా పెద్ద’, ‘పెద్దవాడు’. ఇప్పటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాల్ని ఏలిన ఫ్రాంక్ రాజుల కాలంలో రాజు ఇంటి వ్యవహారాలు చూసే అధికారిని ‘మయోర్ దోముస్’ అనేవారు, అంటే ఇంటి పెద్ద. మన సంస్థానాల దివాను లాంటివాడు అనుకోండి. రానురాను ఆ దివాన్లే రాజులకంటే బలవంతులయ్యారు. షార్ల్ మార్టెల్ అలాంటివాడే. ఆయన కొడుకు పెపిన్ 751లో రాజుని దించి తానే సింహాసనం ఎక్కాడు.

మీ సహోద్యోగుల పూర్వీకులు ఆ స్థాయి వాళ్ళు కారులెండి. వాళ్ళు ఊళ్ళలో ఉండే చిన్న ‘పెద్దలు’. రాజుకో, దొరకో, మఠానికో ఊళ్ళో భూమి ఉంటుంది. ఆ భూమిని సాగు చేయించాలి, రైతుల దగ్గర శిస్తు ధాన్యం వసూలు చెయ్యాలి, వెట్టికి రావాల్సిన రోజుల లెక్క చూడాలి. ఆ పని చేసేవాడు మైయర్. సుమారు 800 ప్రాంతంలో ఫ్రాంక్ చక్రవర్తి షార్లమేన్ తన జమీన్ల నిర్వహణ కోసం జారీ చేసిన ఒక శాసనం ఉంది. అందులో మైయర్ల గురించి రెండు మాటలు నాకు భలే ఇష్టం. ఒక్కరోజులో తిరిగి చూసుకోగలిగినంత భూమికి మించి మైయర్ చేతికింద ఉండకూడదట. ఇంకోచోట, మైయర్లను మోతుబరుల్లోంచి తీసుకోవద్దు, నమ్మకస్తులైన మధ్యరకం మనుషుల్లోంచే తీసుకోండి అంటాడు. పన్నెండు వందల ఏళ్ళ కిందటి చక్రవర్తికి మోతుబరికి పెత్తనం ఇస్తే ఏమవుతుందో బాగా తెలుసన్నమాట.

తెలుగులో దీనికి దగ్గర మాట చెప్పమంటే ‘పెద్దకాపు’ అంటాను. మాటకి మాట సరిపోతుంది కూడా, ‘మయోర్’లో ఉన్నదీ పెద్దరికమే. కరణీకాలు, మునసబుగిరీలు 1984లో రద్దయినా ‘కరణం’ అనే ఇంటిపేరు మిగిలిపోయినట్టు, మైయర్ ఉద్యోగం పోయి ఎన్నో వందల ఏళ్ళయినా పేరు మిగిలింది.

అయితే ఇక్కడో మలుపు ఉంది, చాలామంది రాసేటప్పుడు దీన్ని వదిలేస్తారు. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో ఆ పాత జమీన్ పద్ధతి సడలింది. దొరలు స్వయంగా సాగు చేయించుకోవడం మానేసి భూముల్ని కౌలుకివ్వడం మొదలుపెట్టారు. ఉత్తరాన, ముఖ్యంగా ఇప్పటి లోయర్ శాక్సనీ ప్రాంతంలో, అలా కౌలు పద్ధతిలో పొలం పట్టుకున్న రైతునే మైయర్ అనడం వచ్చింది. పోనుపోను ఆ కౌలు హక్కు వంశపారంపర్యం అయింది. అంటే ఒకప్పుడు ఊరికి ఒక్కడే ఉన్న పెత్తందారు పేరు, అక్కడ పెద్ద రైతులందరి పేరూ అయిపోయింది. దక్షిణాన బవేరియాలో ఆ ఊరి పెద్ద కమతం ‘మైయర్ హోఫ్’, ఆ కమతం చేసేవాడు మైయర్. కాబట్టి ఒకరి పూర్వీకుడు శిస్తు వసూలు చేసేవాడు, ఇంకొకరి పూర్వీకుడు అదే శిస్తు కట్టేవాడు అయ్యుండొచ్చు, పేరు మాత్రం ఒకటే.

ఊళ్ళో ఇద్దరు ముగ్గురు మైయర్లు ఉంటే గుర్తుపట్టడమెలా? మనవాళ్ళు పై ఇంటివాళ్ళు, కింద ఇంటివాళ్ళు అన్నట్టే. ఓబర్‌మైయర్ అంటే మెరకనున్న కమతం వాడు, నీడర్‌మైయర్ పల్లంలోవాడు, బఖ్‌మైయర్ వాగు పక్కవాడు, నాయ్‌మైయర్ కొత్తగా వచ్చినవాడు. ఆ ‘కొత్త’ని ఉత్తరాది యాసలో ‘నీ’ అంటారు, అలా నీమైయర్ అయింది. బ్రెసీలియా నగరంలో పెద్ద కట్టడాలకు రూపం ఇచ్చిన బ్రెజిల్ వాస్తుశిల్పి ఆస్కార్ నీమయర్ ఇంటిపేరు ఇదే, ఆయన పూర్వీకుల్లో జర్మన్లు ఉన్నారు. 2017 నుంచి జర్మనీ అధ్యక్షుడుగా ఉన్న ఫ్రాంక్-వాల్టర్ స్టైన్‌మైయర్ పేరులో ‘స్టైన్’ అంటే రాయి. ఆయన పుట్టింది డెట్‌మోల్డ్‌లో. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తలుపు మీద పేరు చదివితే మూడో నాలుగో ఇంటికి ఏదో ఒక మైయర్ తగులుతాడు.

ఇప్పుడు స్పెల్లింగుల గోల. మీ ఆఫీసులో గమనించే ఉంటారు, ఫోన్లో పేరు చెప్పేటప్పుడు జర్మన్లు ‘మైయర్, ఇ-ఐతో’, ‘మైయర్, ఎ-వైతో’ అని అక్షరాలు కూడా చెప్తారు. ఇ-ఐ, ఇ-వై, ఎ-ఐ, ఎ-వై అని నాలుగు రకాలు. పైగా చివరి ‘ఆర్’కి ముందుండే ‘ఇ’ని మింగేసిన ఎ-వై-ఆర్, ఇటలీలో జర్మన్ మాట్లాడే దక్షిణ టైరోల్‌లో ఎక్కువగా కనిపించే ఎ-ఐ-ఆర్ కూడా ఉన్నాయి. పలకడంలో ఏమీ తేడా లేదు. లక్ష్మి అనే పేరుని ఇంగ్లీషులో ఒకరు ఎక్స్‌తో, ఒకరు కె-ఎస్-హెచ్‌తో రాస్తారు, ఇద్దరూ లక్ష్మే కదా.

తేడా ఎక్కడిదంటే, చాలావరకు రాయసగాళ్ళ అలవాట్లది. జర్మన్‌లో ‘ఐ’ శబ్దానికి రెండు పుట్టుకలున్నాయి. ఒకటి మొదటినుంచీ ఉన్న ‘ఎయ్’ లాంటి ధ్వని, రెండోది పాత దీర్ఘ ‘ఈ’ మారి అయినది. బవేరియా, ఆస్ట్రియా మాటతీరులో ఈ రెండూ కలిసిపోకుండా విడిగానే ఉన్నాయి. అందుకని అక్కడి రాయసగాళ్ళు మొదటి రకాన్ని ఎ-ఐ అనీ, రెండో రకాన్ని ఇ-ఐ అనీ వేరుచేసి రాసేవారు. జర్మన్‌లో చక్రవర్తిని ‘కైజర్’ అంటారు కదా, అందులో ఎ-ఐ ఉండడానికి కారణం కూడా ఆ దక్షిణాది రాతే. ఉత్తరాన ఆ అలవాటు లేదు, ఇ-ఐ రాసేశారు. ఇక ‘వై’ అంటారా, అది అప్పట్లో ‘ఐ’ అక్షరానికి వేసిన నగ లాంటిది. కవి గోథే కాలం దాకా, అంటే 1800 దాటేదాకా, మామూలు మాటల్లో కూడా ఇ-వై తెగ వాడేవారు. తర్వాత మాటల్లోంచి ‘వై’ పోయింది, పేర్లలో ఉండిపోయింది.

అందువల్ల ఒక ఉజ్జాయింపు పటం గీయొచ్చు. ఇ-వై అయితే ఉత్తరాది, ముఖ్యంగా లోయర్ శాక్సనీ. ఎ-ఐ, ఎ-వై అయితే దక్షిణాన స్వాబియా, బవేరియా. చివర ఇ లేని ఎ-వై-ఆర్ అయితే ఆల్ప్స్ వైపు, దక్షిణ బవేరియా, ఆస్ట్రియా. ఇ-ఐ చాలాచోట్ల కనిపిస్తుంది, స్విట్జర్లాండ్‌లోనూ ఎక్కువే. 2005 నాటి ల్యాండ్‌లైన్ కనెక్షన్ల లెక్కలతో జర్మన్ పండితులు ఇంటిపేర్ల అట్లాస్ తయారుచేశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తూర్పునుంచి కోటిమందికి పైగా శరణార్థులు వచ్చి దేశమంతా కలగాపులగం అయ్యాక కూడా, ఆ పటాల్లో ఉత్తరం-దక్షిణం గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఈ పటానికి మీరు ఇంటర్‌లో చదువుకున్న పేర్లతోనే పరీక్ష పెట్టండి, నేను క్లాసుల్లో అదే చేస్తాను. ఆవర్తన పట్టిక పాఠంలో మెండలీవ్ పక్కన వచ్చే లోథర్ మేయర్ ఇ-వై వాడు. పుట్టింది 1830లో ఉత్తరాన వారెల్‌లో. ఫిజిక్సులో సీపీ మైనస్ సీవీ ఈజ్ ఈక్వల్ టు ఆర్ అని బట్టీపట్టామే, ఆ మేయర్ సంబంధం తాలూకు రాబర్ట్ మేయర్ ఎ-వై వాడు. 1814లో హైల్‌బ్రాన్‌లో, అంటే స్వాబియా వైపు పుట్టాడు. జాతి అంటే ఏమిటో జీవశాస్త్రంలో నిర్వచనం ఇచ్చిన ఎర్నెస్ట్ మేయర్ చివర ఇ లేని ఎ-వై-ఆర్. 1904లో ఆల్ప్స్ దాపున కెంప్టెన్‌లో పుట్టాడు. ముగ్గుర్నీ మన పాఠ్యపుస్తకాలు ఒకే ‘మేయర్’ చేసేశాయి! తెలుగు లిపిలో రాస్తే ఒక లాభం, అసలు ఉచ్చారణ ఒకటేనన్న నిజం దానంతటదే బయటపడుతుంది.

కానీ ఈ పటాన్ని మరీ నమ్ముకోకండి. 1963లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న మరియా గోపర్ట్ మేయర్ కూడా ఎ-వై. ఆమెకు ఆ పేరు అమెరికన్ భర్త నుంచి వచ్చింది, స్వాబియాతో పనిలేదు.

స్పెల్లింగు వేరైతే వంశం వేరని కూడా అనుకోకండి. ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న పాఠం. చాలా ఏళ్ళపాటు పేరుకి ‘సరైన’ స్పెల్లింగ్ అనేదే లేదు. ఫాదర్ చెవిన పడ్డది రాసుకున్నాడు. ఒక బవేరియా ఊరి రిజిస్టర్‌లో ఒకే రైతు పేరు, మొదటి బిడ్డ బాప్తిస్మం దగ్గర ఎ-ఐ, రెండో బిడ్డకి ఎ-వై, మూడో బిడ్డకి ఎ-వై-ఆర్ అని చూశాను. రైతు మారలేదు, ఫాదర్ మారాడు. మొత్తం జర్మన్ సామ్రాజ్యంలో 1876 జనవరి 1 నుంచి ప్రభుత్వ జనన మరణ రిజిస్ట్రేషన్ వచ్చాకే స్పెల్లింగ్ గడ్డకట్టింది. ఆ రోజుల్లో గుమాస్తా ఏది రాస్తే అది మీ సహోద్యోగి బ్యాడ్జి మీదకి వచ్చింది. అన్నదమ్ములిద్దరు రెండు వేరే ఊళ్ళలో నమోదైతే రెండు స్పెల్లింగులు శాశ్వతం అయిపోవచ్చు.

మొదట్లో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఒక కుటుంబం కోసం వెతుకుతుంటే తల్లి ఇంటిపేరు ‘మైరిన్’ అని తేలింది. కొత్త ఇంటిపేరు దొరికిందని రెండు వారాలు ఆ మైరిన్ వంశం కోసం నాలుగు ఊళ్ళ రిజిస్టర్లు గాలించాను. అలాంటి వంశమే లేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ ఇంటిపేరుకి చివర ‘ఇన్’ తగిలించేవారు. మైయర్ ఇంటి ఆడపడుచు మైరిన్, అంతే! ఆ కస్టమర్‌కి ఆ రెండు వారాల బిల్లు వెయ్యలేదు లెండి.

లాటిన్ మోజు ఇంకో గొడవ. చదువుకున్నవాళ్ళు తమ పేర్లని లాటిన్‌లోకి మార్చుకునేవారు. ఖనిజశాస్త్రానికి ఆద్యుడిగా చెప్పే అగ్రికోలా అసలు పేరు బవర్, అంటే రైతు. అలాగే మైయర్ కాస్తా ‘విల్లికస్’ (లాటిన్‌లో కమతం పెత్తందారు) అయిన సందర్భాలున్నాయి. రిజిస్టర్‌లో విల్లికస్ కనిపిస్తే అది పేరా, ఉద్యోగమా అని ఆలోచించాలి.

వాయవ్య జర్మనీలో వెస్ట్‌ఫాలియా వైపు అయితే ఇంకా తమాషా. అక్కడ పేరు మనిషిది కాదు, పొలానిది. మైయర్ కమతానికి వారసురాలైన పిల్లని పెళ్ళి చేసుకుని వచ్చినవాడు ఆ కమతం పేరు పెట్టుకోవాల్సిందే. మనదగ్గర ఇల్లరికం వచ్చినా అల్లుడి ఇంటిపేరు అల్లుడిదే, అక్కడ అదీ పోయేది. ‘ఫలానావాడు, మైయర్ అనబడేవాడు’ అని రిజిస్టర్‌లో రెండు పేర్లూ రాసేవారు. ఒకే తల్లిదండ్రులకు ఆ కమతానికి రాకముందు పుట్టిన బిడ్డకి ఒక ఇంటిపేరు, వచ్చాక పుట్టిన బిడ్డకి ఇంకో ఇంటిపేరు ఉండొచ్చు. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రభుత్వాలు గట్టిగా పట్టుకునేదాకా ఇదే తంతు. అంటే అక్కడ మైయర్ పేరు మోసేవాడి రక్తసంబంధం మైయర్లతో తల్లివైపు నుంచే ఉండొచ్చు, కమతం చేతులు మారి ఉంటే అసలు లేకపోనూవచ్చు.

యూదుల ప్రశ్నకొస్తాను. హీబ్రూలో ‘మెయిర్’ అనే మగవాళ్ళ పేరుంది, వెలుగునిచ్చేవాడు అని అర్థం. రెండో శతాబ్దపు రబ్బీ మెయిర్ నుంచి వాళ్ళలో గౌరవమైన పేరది. పదమూడో శతాబ్దంలో రోథెన్‌బర్గ్ మెయిర్ అనే గొప్ప పండితుడు జర్మనీలోనే ఉండేవాడు. జర్మన్ మాట్లాడే ఊళ్ళలో ఈ మెయిర్ చెవికి మైయర్‌కి దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి రాతలో రెండూ కలిసిపోయాయి. యూదులకు స్థిరమైన ఇంటిపేర్లు ఉండాలని ఆస్ట్రియాలో రెండో జోసెఫ్ 1787లో, నెపోలియన్ ఫ్రాన్స్‌లో 1808లో, ఉత్తర జర్మనీ రాజ్యం ప్రష్యా 1812లో చట్టాలు చేశాయి. అప్పుడు తండ్రి పేరో తాత పేరో మెయిర్ అయినవాళ్ళు చాలామంది దాన్నే ఇంటిపేరు చేసుకున్నారు. బ్యాంకర్ల వంశానికి మూలపురుషుడు మేయర్ ఆమ్షెల్ రోత్‌షీల్డ్ పేరులో మేయర్ అనేది ఆయన సొంత పేరు. ఇంటిపేరు రోత్‌షీల్డ్, ‘ఎర్ర డాలు’ గుర్తున్న ఇంటిని బట్టి వచ్చింది. ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మెయిర్ది వెనక్కి వెళ్ళిన కథ: మేయర్సన్ అనే పేరుని 1956లో హీబ్రూ చేసి మెయిర్ అని పెట్టుకున్నారు.

కాబట్టి ఇవి రెండు వేర్వేరు నదులు, ఒకే కాలువలో కలిశాయి. స్పెల్లింగుని బట్టి ఇది ఫలానా అని చెప్పేవాళ్ళని నమ్మకండి, ఎ-వై యూదులవీ ఉన్నాయి, కేథలిక్ రైతులవీ ఉన్నాయి. నాజీలు కూడా ఇంటిపేరుతో తేల్చలేకపోయారు. వంశం ‘శుద్ధం’ అని రుజువు చేసుకోవడానికి జనం చర్చి రిజిస్టర్ల నకళ్ళ కోసం బారులు తీరాల్సి వచ్చింది. 1939 జనవరి 1 నుంచి, తాము తయారుచేసిన జాబితాలో లేని సొంత పేరున్న యూదులందరూ ఇజ్రాయెల్ అనో సారా అనో అదనపు పేరు చేర్చుకోవాలని శాసించారు. ఆ చరిత్ర వల్ల ‘మీది యూదుల పేరా’ అని ఆఫీసులో ఎవర్నీ అడక్కండి. మనకి అది ఊరికే కుతూహలం, వాళ్ళకి కాదు.

మైయర్ ఎంత మామూలు పేరంటే భాషలో సామెత అయి కూర్చుంది. మనం ‘అలా జరక్కపోతే నా పేరు మార్చుకుంటా’ అని పందెం కడతాం కదా, వాళ్ళు ‘అలా జరిగితే నన్ను మైయర్ అని పిలవండి’ అంటారు. యుద్ధకాలంలో వైమానిక దళాధిపతి గోరింగ్, శత్రువిమానం ఒక్కటి వచ్చినా తనని మైయర్ అనమన్నాడని చెప్పుకుంటారు. బాంబులు పడ్డాక జనం ఆయన్ని చాటుగా మైయర్ అనేవారట. అతితెలివి చూపించేవాణ్ణి ‘ష్లౌమైయర్’ అంటారు, పిరికివాణ్ణి ‘ఆంగ్స్ట్‌మైయర్’ అంటారు. మీ మేనేజర్ ఎప్పుడైనా మిమ్మల్ని ష్లౌమైయర్ అంటే పొగిడాడనుకోకండి.

మీ నలుగురి సంగతి నిజంగా తెలుసుకోవాలనుంటే అడగాల్సింది ఇంటిపేరు గురించి కాదు, ముత్తాతది ఏ ఊరని. పెద్ద పట్నం పేరు చెబితే లాభం లేదు, పల్లె పేరు కావాలి. అది కేథలిక్ ఊరా, ప్రొటెస్టెంట్ ఊరా అన్నది తర్వాతి మాట, ఎందుకంటే రిజిస్టర్లు దొరికే చోటు దాన్నిబట్టి మారుతుంది. ఆస్ట్రియా, పస్సావ్ లాంటి కేథలిక్ డయోసిస్‌ల రిజిస్టర్లు మట్రికులా సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ప్రొటెస్టెంట్ చర్చిలవి ఆర్కియోన్ అనే సైట్‌లో ఉంటాయి, దానికి డబ్బు కట్టాలి. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్ఫయ్యేళ్ళ యుద్ధంలో చాలా రిజిస్టర్లు తగలబడిపోయాయి. అంతకంటే వెనక్కి వెళ్ళగలిగితే అదృష్టమే.

పేజీ దొరికి చదవడం రాకపోతే ఫొటో ఇక్కడ పెట్టండి, చూస్తాను. పేరున్న ముక్క మాత్రం కత్తిరించి పెట్టకండి, పేజీ మొత్తం పెట్టండి. ఆ పాత చేతిరాతలో ‘ఇ’కీ ‘ఎన్’కీ తేడా దాదాపు ఉండదు. అదే ఫాదర్ రాసిన మిగతా నాలుగు వరసలు కనిపిస్తేనే ఆయన ఏ అక్షరం ఎలా తిప్పుతాడో పట్టుకోగలం.